బెల్లం కొనేవారు బెల్లం వండే చోటు చూడరాదా?

యాత్ర అనగానే మన ఇళ్లలో తలపునకు వచ్చేవి దేవుడు, కొండ, సముద్రం. ఈ మూడింటిలో ఏదో ఒకటి లేనిదే పెట్టె సర్దరు. యాత్రలో తిండి అన్నది ఒక అవస్థగానే మిగిలిపోయింది. ఎక్కడ దొరుకుతుందో, కడుపుకు పడుతుందో లేదో అన్న భయంతో పులిహోర, జంతికలు మూట కట్టుకొని బయలుదేరే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. అటువంటి మనకు, తిండిని చూడటానికే, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకొనడానికే ఒక పూట యాత్ర చేయవచ్చునంటే వింతగానే ఉంటుంది. అయినా ఆ మాట ప్రతిపాదించడానికే ఈ వ్యాసం. ఆయుర్వేదం ఆహార విహారాలను ఎప్పుడూ జంటగానే చెప్పింది. ఆహారం కోసమే చేసే విహారం ఒకటి ఉంటే తప్పేమిటి?

జపాన్ దేశపు నగరాలలో ఇటువంటి విహారం బాగా వాడుకలో ఉన్నది. ఆరుగురో ఎనిమిదిమందో ఒక జట్టుగా చేరతారు. ఆ ఊరి సంగతులు ఎరిగిన వ్యక్తి ఒకరు ముందు నడుస్తారు. రెండు మూడు గంటలపాటు కాలినడకన అంగడి వీధులలో తిరుగుతూ, ఇది ఏ పొలంలో పండింది, ఎవరు ఎట్లా చేశారు, ఏ పండుగకు తింటారు అని చెబుతూ, నాలుగైదు చోట్ల కొద్దికొద్దిగా రుచి చూపిస్తారు. కడుపు నింపడం ఇక్కడ ముఖ్యం కాదు. నోటిలో పెట్టుకొన్నది ఏమిటో తెలిసి తినడం ముఖ్యం.

ఆ నగరాలలో మనకు పాఠంగా పనికివచ్చేది టోక్యో కాదు, క్యోటో కాదు. దక్షిణాన ఒకినావా దీవులలో ఉన్న నాహా. అక్కడి మకిషి ప్రజా మార్కెట్టును 2023 మార్చిలో కొత్త భవనంలో తిరిగి తెరిచారు. కింది అంతస్తులో చేపలు, మాంసం, ఊరగాయలు అమ్ముతారు. కింద కొన్న చేపను పై అంతస్తుకు తీసుకువెళితే అక్కడి భోజనశాలలో వండిపెడతారు. ఆ అంగళ్లలో మన కాకర ఉన్నది, దానిని గోయా అంటారు. మన పసుపు ఉన్నది, దానిని కాచి తేనీరు వలె తాగుతారు. ఒంటికి, మనసుకు మేలు చేసే భోజనాన్ని ఒకినావావారు తమ భాషలో 'నుచిగుసుయి' అంటారు. ప్రాణానికి మందు అని ఆ మాటకు అర్థం. అన్నమే ఔషధమని చెప్పుకొనే మనకు ఇది పరాయి మాటగా తోచదు.

అన్నింటికంటే మనను ఆకట్టుకొనేది అక్కడి నల్లబెల్లం. దాని పేరు కోకుతో. 1623లో గిమా షిన్జో అనే అధికారి చైనాలోని ఫూజియన్ ప్రాంతానికి మనుషులను పంపి, చెరకు రసం కాచి బెల్లం చేసే విద్యను ఒకినావాకు తెప్పించాడు. నేటికీ అక్కడి ఎనిమిది చిన్న దీవులలో ఈ బెల్లం తయారై నాహా అంగళ్లకు చేరుతుంది. ఒక దీవి బెల్లంలో కాస్త ఉప్పదనం, మరొక దీవి బెల్లంలో కాస్త చేదు. వచ్చినవారి చేత ముక్క ముక్క రుచి చూపించి ఆ తేడా చెబుతారు. రంగు ముదురుగా ఉండటం అక్కడ లోపం కాదు, లక్షణం. చెరకు రసాన్ని నేరుగా కాచి చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. చక్కెరకు మొలాసిస్ కలిపి చేసినదానిని అదే పేరుతో అమ్మడానికి వీలులేదు.

ఇప్పుడు మన చోడవరానికి వద్దాం. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది అనకాపల్లి జిల్లాలో చేరినా, పెద్దవారి నోట ఇంకా విశాఖ జిల్లా చోడవరమే. చుట్టూ చెరకు పండే నేల. ఊరికి చేరువనే గోవాడ. సహకార చక్కెర కర్మాగారం వల్ల ఆ చిన్న ఊరి పేరు రాష్ట్రమంతటికీ తెలిసింది. సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో దేశమంతటా పేరుపడ్డ అనకాపల్లి బెల్లం మార్కెట్టు. అదే అనకాపల్లిలో 1913లో నెలకొన్న వ్యవసాయ పరిశోధన స్థానం నూరేళ్లకు పైగా చెరకు మీద, బెల్లం మీద పనిచేస్తున్నది. చెరకు సాగు మునుపటికంటే చాలా తగ్గిన మాట నిజమే. అయినా సంక్రాంతి దగ్గరపడే వేళకు ఈ చుట్టుపక్కల గానుగల మీద పొగ లేవకుండా ఉండదు. ఒకినావా నల్లబెల్లానికి ఉన్న చరిత్ర నాలుగువందల ఏళ్లు. మన సంహితలు గుడం గుణాలు రాసినది అంతకు ఎన్నో వందల ఏళ్ల పూర్వం. మరి విశాఖపట్నంలో, అనకాపల్లిలో, ఆ మాటకు వస్తే చోడవరంలోనే, నెలనెలా బెల్లం కొనే ఇళ్లవారిలో ఎందరు బెల్లం వండటం కళ్లారా చూశారు?

చూడకపోతే వచ్చిన నష్టమేమిటని అడగవచ్చు. నష్టం ఉన్నది, అది మన వంటింటి మందుల డబ్బాలోనే ఉన్నది.

బెల్లం మార్కెట్టులో ధర పలికేది ముఖ్యంగా రంగును బట్టి. మొదటి రకం, రెండవ రకం, మూడవ రకం అని దిమ్మలను వేరుచేస్తారు. పసుపు కలిసిన తెలుపుతో మెరిసేది మొదటి రకం. గోధుమరంగుకు దిగినకొద్దీ ధర దిగుతుంది. ఈ ధరల మెట్లు ఎవరో వ్యాపారులు కుట్రచేసి కట్టినవి కావు. అంగడిలో నిలబడి, 'ఆ నల్లది వద్దు, ఈ తెల్లది తూచండి' అని చెప్పే మన మాటే నెమ్మదిగా మార్కెట్టు దాకా పాకింది. అది గానుగ దాకా పాకిన తరువాత, పెనం మీది పాకంలో సోడియం హైడ్రోసల్ఫైట్ అనే రసాయనం పడటం మొదలైంది. గానుగల దగ్గర దీనిని క్లుప్తంగా హైడ్రోస్ అంటారు. తెల్లని పొడి. కాస్త చల్లితే పాకం చూస్తుండగానే తేటబారుతుంది. అందులోని విచిత్రం ఏమంటే ఆ తెలుపు నిలిచేది కాదు. నిలవ ఉన్నకొద్దీ దిమ్మ మళ్లీ రంగు తిరుగుతుంది. అంటే వేలంపాట నాటికి, అంగడి బల్ల మీదికి పనికివచ్చే తెలుపే గాని, మన డబ్బాలో మిగిలే తెలుపు కాదు.

అన్ని గానుగలవారూ దీనిని వాడుతున్నారని నేను అనడం లేదు. వాడేవారిలోనూ కొలత తెలిసి వాడేవారు, చేతికి వచ్చినంత వేసేవారు ఉంటారు. బెల్లంలో మిగిలే గంధక పదార్థానికి చట్టం ఒక హద్దు గీసింది. అయితే ఆ హద్దు దాటినదీ దాటనిదీ మన కంటికి తెలియదు. సల్ఫైట్లు ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఆయాసాన్ని రేపుతాయని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. ఆహారంలోని థయమిన్ అనే బి1 విటమిన్‌ను అవి పాడుచేస్తాయి. పచ్చిగా తినే కూరగాయలు, పండ్ల మీద వీటిని చల్లడాన్ని అమెరికా 1986లోనే నిషేధించింది.

ఇక మన ఇంటి సంగతి చూడండి. పిల్లవాడికి దగ్గు, ఆయాసం వస్తే మొదట తీసేది ఏది? శొంఠి, మిరియాలు, బెల్లం. బాలింతకు కాయం కూర్చడానికి బెల్లం. జలుబుకు అల్లం, బెల్లం. ఈ పత్రిక వంటి పత్రికలన్నీ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన గృహవైద్యమే ఇది. శొంఠి మంచిదా కాదా అని కొరికి చూస్తాము, మిరియాలను నీళ్లలో వేసి తేలినవాటిని పారబోస్తాము. బెల్లం దగ్గరకు వచ్చేసరికి మాత్రం తెల్లగా ఉంటే చాలునని కళ్లు మూసుకొంటాము. ఉబ్బసపు బిడ్డకు ఇచ్చే మందులో, ఉబ్బసాన్ని రేపగల పదార్థమే ఉండవచ్చునన్న సంగతి ఎంతమంది తల్లులకు తెలుసు?

అట్లాగని నల్లగా ఉన్న బెల్లమంతా మంచిదని తీర్మానించుకొంటే అదీ పొరపాటే. ఈ మధ్య పట్టణాలలో అటువంటి మోజు ఒకటి బయలుదేరింది; నల్లబెల్లం అని చీటీ అంటించి రెట్టింపు ధరకు అమ్ముతున్నారు. మడ్డి సరిగా తీయకపోయినా బెల్లం నల్లబడుతుంది. పాకం అడుగంటినా నల్లబడుతుంది. నరికిన చెరకును రోజుల తరబడి ఎండలో ఉంచి ఆడినా నల్లబడుతుంది. చవుడు నేలలో పండిన చెరకు నుంచి ఎంత శ్రద్ధగా వండినా ముదురు రంగే వస్తుంది, కాస్త ఉప్పగా కూడా ఉంటుంది. శాస్త్రం మాట కూడా ఇక్కడ జాగ్రత్తగా వినాలి. చరకుడు మలినం తొలగిన గుడాన్ని మలినంతో కూడినదానికంటే మేలైనదిగానే చెప్పాడు. శర్కరను సైతం పొగిడాడు. ఆయన కోరినది శుభ్రత. తెలుపు వేరు, శుభ్రత వేరు. రసాన్ని వడగట్టి, ఓపికగా మడ్డి తీసి సాధించిన తేటదనాన్నీ, పొడి చల్లి తెచ్చిన తెలుపునూ అంగడి బల్ల మీద పక్కపక్కన పెడితే వైద్యుడు కూడా గుర్తించలేడు. గానుగ దగ్గర ఒక గంట నిలబడితే పదేళ్ల పిల్లవాడు గుర్తించగలడు.

చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని ఎనిమిది విషయాలు చూసి తీసుకోవాలని ఉన్నది: ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగ సంస్థ, ఉపయోక్త. వీటిలో ఎంత తినాలన్న రాశి, ఎప్పుడు తినాలన్న కాలం, ఏ నియమంతో తినాలన్న ఉపయోగ సంస్థ, తినేవాని శరీరతత్త్వం మన ఇంటిలోనే తేలుతాయి. దేశం అంటే ఆ పదార్థం పుట్టిన నేల, కరణం అంటే దానికి జరిగిన సంస్కారం. ఈ రెండూ అంగడిలో తెలియవు. పూర్వం వీటిని ప్రత్యేకంగా వెదుక్కోవలసిన పని లేకపోయింది. చెరకు తోట ఊరి చివరనే ఉండేది, ఎద్దుల గానుగ తోటలోనే ఉండేది, తాతగారు దిమ్మను భుజాన వేసుకొని తెచ్చేవారు. దేశమూ కరణమూ తెలిసిన తిండే ఇంటికి వచ్చేది. ఇప్పుడు ఆ రెండూ మన కళ్లకు దూరమైనాయి. చదివి తెలుసుకొనే మార్గం కొంత ఉన్నది గాని, బయలుదేరి వెళ్లి చూడటానికి మించిన మార్గం లేదు. నాహా అంగడిలో ఆరుగురు మనుషులు బెల్లం ముక్క నోట వేసుకొని, ఇది ఏ దీవిదని అడుగుతున్నారంటే, ఆ అడిగేది దేశాన్ని గురించే.

చోడవరం చుట్టుపక్కల ఏ గానుగ దగ్గరికైనా జనవరి నెలలో తెల్లవారుజామున చేరితే కనిపించేది ఇది. యంత్రపు గానుగలో చెరకు నలిగి రసం గుడ్డ మీదుగా తొట్టిలో పడుతుంది. అక్కడి నుంచి వెడల్పాటి పెనంలోకి. కింద పొయ్యిలో ఎండిన చెరకు పిప్పే వంటచెరకు. దేని రసం దాని మంట మీదనే కాగుతుంది. కాస్త వేడెక్కగానే మురికి తెట్టుగా పైకి తేలుతుంది. సున్నపు తేట కొద్దిగా పోస్తారు. పూర్వం బెండకాడలు చితక్కొట్టి నీళ్లలో పిసికి, ఆ జిగురును రసంలో పోసేవారు. మురికిని అది పట్టుకొని తేల్చేది. ఇప్పటికీ పోసేవారు ఉన్నారు, పరిశోధకులు మెచ్చే పద్ధతి కూడా అదే. తెట్టు తీసినకొద్దీ మళ్లీ తేలుతుంది, తీసినకొద్దీ రసం తేటబడుతుంది. బెల్లం మంచిచెడ్డలు తొంభైపాళ్లు ఈ ఒక్క పనిలోనే తేలిపోతాయని నా నమ్మకం. తెట్టు తీసే మనిషి చేయి ఆగిందా, ఆ లోటును ఏదో ఒక పొడి పూడ్చవలసి వస్తుంది.

తరువాత రసం చిక్కబడి, బుడగలు పెద్దవై, వాసన మారుతుంది. సుమారు 118 డిగ్రీల వేడికి పాకం వచ్చినట్టు. గానుగవారి దగ్గర ఉష్ణమాపకం ఏదీ ఉండదు. ఒక చుక్క చన్నీళ్లలో వేసి వేళ్లతో ఉండచేసి చూస్తారు. అరిసెల పాకానికి మన ఇంటి ఆడవారు చేసే పరీక్ష అచ్చంగా ఇదే. బెల్లం వండేవారికీ అరిసెలు వండేవారికీ ఒకే విద్య, మధ్యలో అంగడి వచ్చి ఇద్దరికీ ముఖపరిచయం లేకుండా చేసింది. పాకాన్ని దించి, కలియబెట్టి, అచ్చుల్లో పోస్తారు. వంద కిలోల చెరకుకు వచ్చేది పది పన్నెండు కిలోల బెల్లం. ఈ లెక్క తెలిసినవారు కిలోకు రెండు రూపాయలు తగ్గించమని బేరమాడటానికి కాస్త వెనుకాడతారు. రంగు తక్కువైతే మార్కెట్టులో ధర తెగ్గోస్తారన్న భయం రైతుది. ఆయనను ఒక్కడినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. పొడి వేయకుండా వండిన దిమ్మను, ఆ వండినది చూసి, మొదటి రకం ధరకే అక్కడే కొనుక్కొనే కుటుంబాలు నలుగురు దొరికితే, ఆయన పొడి డబ్బా మూత తీయడు. రైతుకు ఉపన్యాసం చెప్పే అవసరం ఎవరికీ ఉండదు.

ఈ విహారం చిన్న జట్టుగానే జరగాలని పట్టుబడుతున్నాను. విశాఖ నుంచి అరకుకు రైలులో వెళ్లి బస్సులో తిరిగివచ్చే ఒకరోజు యాత్ర ఎంతోమందికి కొండలను చూపించింది, అందులో సందేహం లేదు. కాని బస్సు నిండా వచ్చిన జనానికి గుహలు చూపవచ్చు, పొయ్యి చూపలేము. నలభైమంది ఒక్కసారి వచ్చి పడితే రైతు పని ఆగుతుంది. కాగే పెనం చుట్టూ పిల్లలు మూగితే జరగరానిది జరుగుతుంది. వెనుక నిలబడినవారికి మాట వినపడదు, వినపడనివారు ఫొటోలు తీసుకొని వెళ్లిపోతారు. జపాన్‌లోనే క్యోటో నగరంలో గియోన్ అనే పాతపేట ఉన్నది. అక్కడి సందులలోకి జనం తండోపతండాలుగా చొరబడి, దారిన పోయే కళాకారిణులను చుట్టుముట్టడంతో విసిగిపోయిన పేటవారు 2024లో తమ సొంత సందులలోకి యాత్రికుల ప్రవేశాన్నే నిషేధించి, మీరినవారికి పదివేల యెన్‌ల జరిమానా ఉంటుందని బోర్డులు పెట్టారు. ఎనిమిదిమందితో ఆగితే ఆ దుస్థితి రాదు. ఎనిమిదిమంది అయితే గానుగ యజమానికి చుట్టాలు వచ్చినట్టు ఉంటుంది, వారిలో ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్న అడగగలరు.

నాహా నుంచి నేర్చుకోవలసిన మరొక పాఠం కూడా ఉన్నది, ఇది కాస్త చేదైనది. దీర్ఘాయువుకు లోకమంతటా పేరుపడ్డ ఒకినావాలో, 2000వ సంవత్సరపు లెక్కలు వెలువడినప్పుడు, పురుషుల ఆయుర్దాయం జపాన్‌లోని 47 రాష్ట్రాలలో నాలుగవ స్థానం నుంచి ఒక్కసారిగా 26వ స్థానానికి పడిపోయినట్టు తేలింది. దేశమంతా ఉలిక్కిపడింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా సైనిక స్థావరాలతో పాటు వచ్చిన కొవ్వు తిండి, డబ్బాల మాంసం, నడక తగ్గిన బ్రతుకు అందుకు కారణాలని చెబుతారు. యాత్రికుడికి కాకర కూర చూపిస్తూ ఊరి కుర్రవాడు మాత్రం బర్గర్ తింటున్నాడన్నమాట. మన దగ్గర చోడి అంబలి విషయంలో జరుగుతున్నది ఇంతకు భిన్నంగా ఉన్నదా? రాగులను మన ఉత్తరాంధ్రవారు చోళ్లు అంటారు. ఆ పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున నూకలతో ఉడికించి, మజ్జిగ పోసి ఉల్లిపాయ కొరుక్కొంటూ తాగిన తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపితే, పట్టణాలలో అదే అంబలి గాజుగ్లాసులోకి వచ్చింది. చోడవరం వీధిలో మాత్రం ఉదయాన ఇడ్లీ బండి దగ్గర ఉన్న రద్దీ అంబలి కుండ దగ్గర లేదు. కనుక ఈ విహారానికి పైఊరివారినే పిలిస్తే చాలదు. మొదటి జట్లలో చోడవరం బడిపిల్లలు, వారి తల్లులు ఉండాలి.

గానుగతో పాటు ఒక పూటలో ఇంకేమి చూడవచ్చునో చెప్పడం తేలిక. పొద్దున్నే స్వయంభూ విఘ్నేశ్వరుని దర్శనం. ఒక ఇంటి అరుగు మీద అంబలి. గానుగ. మధ్యాహ్నానికి ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెల్లం వేసిన పులుసుతో భోజనం. తీపిని కూరలోనే తినే ఈ అలవాటును కృష్ణా, గుంటూరు వైపువారు వేళాకోళం చేస్తారు గాని, పులుపూ తీపీ కారమూ ఒకే పులుసులో కూర్చడం సంయోగం తెలిసిన పనే. ఓపిక ఉన్నవారు మాడుగుల వెళ్లి, గోధుమలు నానబెట్టి రుబ్బి తీసిన పాలతో హల్వా కలియబెట్టడం చూడవచ్చు. నూరేళ్లకు పైబడిన పేరు దానిది. నేతిలో ఊరినది, చిన్న ముక్కతో ఆపడం మేలు. తిరుగుదారిలో అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు.

దీనికి డబ్బు తీసుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది. తీసుకోవాలి, అందులో మొహమాటం ఉండరాదు. గానుగ యజమానికి కొంత, అంబలి కాచిన ఇల్లాలికి కొంత, వెంట నడిచి చెప్పినవారికి కొంత ముట్టాలి. చెప్పడానికి ఇంగ్లీషు మాట్లాడే కుర్రవాడికంటే, నలభై సీజన్లు పాకం చూసిన పెద్దమనిషి మేలు. అయితే యాత్రికుల కోసమని ఒక ఉత్తుత్తి గానుగ కట్టి, రంగులు వేసి, తలపాగా చుట్టిన మనిషిని నిలబెట్టే రోజు రాకూడదు. వచ్చినవారు కూడా పెనం దగ్గరకు చెప్పులతో పోవడం, ఇంటివారిని అడగకుండా ఫొటోలు తీయడం మానాలి. పిల్లలను పొయ్యికి నాలుగు బారల దూరంలో పెట్టుకోవాలి. హైడ్రోస్ వాడుతున్నారా అని మొదటే నిలదీయకుండా, బెండజిగురు వాడితే ఎట్లా ఉంటుందని అడిగి చూడండి. అసలు సంగతి ఆయనే చెబుతాడు.

మధుమేహం ఉన్నవారికి ఒక మాట. బెల్లంలో అధికభాగం చక్కెరే. రసాయనం లేని బెల్లమైనా మీకు పథ్యం కాదు. విహారానికి రండి, అంబలి తాగండి, బెల్లం మాత్రం ఇంట్లోవారికోసం కొనండి.

ఏ శాఖో, ఏ సంఘమో ముందుకు వచ్చేదాకా కాచుకొని కూర్చోనక్కరలేదు. ఇరుగుపొరుగు రెండు కుటుంబాలు కలిస్తే ఎనిమిదిమంది అవుతారు. విశాఖ నుంచి చోడవరం తెల్లవారుజామున బయలుదేరితే పొయ్యి వెలిగించే వేళకు చేరవచ్చు. తెలిసినవారి ద్వారా ముందుగా ఒక గానుగవారికి కబురు పంపి, మా ఎదుట పొడి వేయకుండా ఒక పెనం వండితే దిమ్మలు మేమే కొంటామని మాట ఇవ్వండి. ఒక్కో దిమ్మ పది కిలోలు దాటవచ్చు, ఇంటికి ఒకటి చాలు.

తెచ్చిన దిమ్మను ఏమి చేయాలో కూడా చెప్పాలి. పదహారవ శతాబ్దపు భావమిశ్రుడు తన భావప్రకాశంలో కొత్తబెల్లం కఫాన్ని పెంచుతుందని, పాతబెల్లం తేలికైనదని, పథ్యమని చెప్పాడు. కఫానికి అల్లంతో, పిత్తానికి కరక్కాయతో, వాతానికి శొంఠితో బెల్లాన్ని వాడమన్నాడు. కాబట్టి దిమ్మను రెండు చేయండి. సగం పండుగ అరిసెలకు, వంటకు వాడుకోండి. మిగతా సగాన్ని ముక్కలు చేసి ఒక రోజు నీడలో ఆరబెట్టి, బాగా ఎండిన జాడీలో పెట్టి, మూతకు గుడ్డ బిగించి కట్టండి. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లుతుంది. ఆషాఢం రాకముందే ఒకసారి తీసి, చెమ్మ తగిలిన ముక్కలను ముందుగా వాడేసి, మిగతావాటిని పొడిజాడీకి మార్చండి. జాడీ మీద చీటీలో ఆ గానుగ ఉన్న ఊరిపేరు, వండిన తేదీ రాసి అంటించండి. మరుసటి సంక్రాంతికి ఆ బెల్లం రంగు ముదిరి ఉంటుంది. పిల్లవాడి దగ్గుకు శొంఠితో నూరవలసినది అది.